81కి 81: సెన్సర్ స్కోరును పెళ్లి పందిట్లో ఎలా చదవాలి

“మావయ్యా, ఈ రెండిటికీ 81 మార్కులే. ధరలో మాత్రం ఐదు రెట్ల తేడా. మీ పెళ్లి ఫొటోల వాళ్లంతా ఎందుకిలా డబ్బు తగలేస్తున్నారు?”

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతుండగా ఫోను నా మొహం ముందు పెట్టి అడిగాడు. స్క్రీన్ మీద డీఎక్స్ఓమార్క్ పట్టిక, అంటే కెమెరాలో వెలుతురుని పట్టే సెన్సర్‌కి మార్కులు వేసే వెబ్‌సైటుది. ఒక పక్క నికాన్ డీ3200, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనుక్కునే చిన్న కెమెరా. ఇంకో పక్క కెనాన్ 5డీ మార్క్ 3, ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో ఏ స్టూడియోకి వెళ్లినా దాని మాటే. రెండూ 2012లో వచ్చినవే. రెండిటి సెన్సర్ స్కోరూ 81.

అప్పటికే నేను తణుకులో పదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. సమాధానం నాకు తెలుసనే అనుకున్నా. తీరా చెప్పబోతే ఒక్క ముక్క రాలేదు. “ముందు పది పెళ్లిళ్లు తియ్యరా, తర్వాత మాట్లాడుదువుగాని” అని గదమాయించి తప్పించుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ పట్టిక చదవడం నేర్చుకున్నాను. కెమెరా కొనబోతూ స్కోరు దగ్గర ఆగిపోయిన వాళ్లకి పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

మొత్తం మార్కు మీద చెయ్యి పెట్టి మూసెయ్యండి

నిజంగానే. ఫోను మీద ఆ పెద్ద అంకె కనపడకుండా బొటనవేలు పెట్టి, దాని కింద ఉన్న మూడు అంకెలు చూడండి.

డీఎక్స్ఓ ల్యాబ్స్ అనే ఫ్రెంచి సంస్థ 2008లో ఈ స్కోర్లు మొదలుపెట్టింది. డీఎక్స్ఓమార్క్ కొలిచేది సెన్సర్ నుంచి వచ్చే రా ఫైలుని, అంటే కెమెరా ఇంకా మెరుగులు దిద్దని ముడి ఫొటోని. అందులో లెన్స్ లేదు, ఫోకస్ లేదు, కెమెరా తయారుచేసే జేపెగ్ రంగులు లేవు. మూడు అంకెల్లో మొదటిది పోర్ట్రెయిట్. పేరు చూసి చర్మం రంగు బాగా వస్తుందనుకోకండి. నాయిస్‌లో, అంటే ఫొటో మీద ఇసుక చల్లినట్టు కనపడే చుక్కల్లో, కలిసిపోకుండా ఎన్ని రకాల రంగుల తేడాలు నిలబడతాయో బిట్లలో చెప్పే లెక్క అది. రెండోది ల్యాండ్‌స్కేప్. బాగా వెలుగున్న చోటుకీ బాగా చీకటిగా ఉన్న చోటుకీ మధ్య ఎన్ని స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) ఒకే ఫొటోలో పట్టగలదో, అంటే డైనమిక్ రేంజ్. మూడోది స్పోర్ట్స్. ఈ పేరు పెట్టినవాళ్లని నేను కలిస్తే అడుగుతాను. కబడ్డీ ఆటగాడి వెంట ఫోకస్ పరిగెత్తగలదా, సెకనుకి ఎన్ని ఫొటోలు తీస్తుంది అన్న సంగతులకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నాయిస్ ఒక హద్దు దాటకుండా ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని ప్రకాశవంతం చేసే అంకె) ఎంతవరకు పెంచవచ్చో చెబుతుంది, అంతే.

ఇప్పుడు మా వాడు చూపించిన రెండు 81లనీ విప్పి చూద్దాం. డీ3200కి రంగులు 24.1 బిట్లు, డైనమిక్ రేంజ్ 13.2 స్టాపులు, తక్కువ వెలుతురు ఐఎస్ఓ 1131. 5డీ మార్క్ 3కి రంగులు 24, డైనమిక్ రేంజ్ 11.7, ఐఎస్ఓ 2293. రంగుల్లో సమానం. ఎండలో చిన్న కెమెరా ఒకటిన్నర స్టాపు ముందుంది. చీకట్లో పెద్ద కెమెరా ఒక స్టాపు ముందుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలకీ సగటు 81 వచ్చిందనుకోండి, ఒకడు లెక్కల్లో గట్టి, ఇంకొకడు తెలుగులో గట్టి. ట్యూషన్ ఎవరికి ఎందులో పెట్టించాలో సగటు చూసి ఎవరైనా చెప్పగలరా?

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్ల కొలమానంలో 5 మార్కులంటే స్టాపులో మూడో వంతు. అంటే 15 మార్కులకి ఒక స్టాపు. 2014 నాటి నికాన్ డీ750కి 93, 2018 నాటి సోనీ ఏ7 3కి 96. నాలుగేళ్ల తేడా, మూడు మార్కులు. స్టాపులో అయిదో వంతు. షట్టర్ చక్రం ఒక్క క్లిక్ తిప్పితే వచ్చే మార్పు దానికంటే ఎక్కువ. డైనమిక్ రేంజ్‌లో అర స్టాపు, ఐఎస్ఓలో పాతిక శాతం, రంగుల్లో ఒక బిట్టు, వీటికి లోపల ఉన్న తేడాల కోసం అప్పు చేయకండి.

మీ చెత్తబుట్ట తీయండి

స్కోర్లు చూడ్డానికి ముందే చేయాల్సిన పని ఇది. మొదట నేనూ దీన్ని పట్టించుకోలేదు. ఈమధ్య తీసిన వాటిల్లో పనికిరావని పక్కన పడేసిన ఫొటోలన్నీ తెరిచి, ఒక్కోటీ ఎందుకు పోయిందో కాగితం మీద గీతలు పెట్టండి. నేను మూడు పెళ్లిళ్లవి తీసి, మా ఆవిడ వంటగదిలో సామాన్ల లిస్టు రాసుకునే పుస్తకంలో వెనక పేజీ మీద రాశాను. మొత్తం 140. ఫోకస్ తప్పినవి 61. కళ్లు మూసుకున్నవి, మధ్యలో వీడియో కుర్రాడి భుజమో పిన్నిగారి చెయ్యో అడ్డొచ్చినవి 38. షట్టర్ నెమ్మదిగా పెట్టడం వల్ల కదిలినవి 22. ఎల్ఈడీ లైట్ల చారలు పడ్డవి 11. నాయిస్ వల్లో, వెలుతురు తెల్లగా కాలిపోవడం వల్లో పోయినవి 8.

ఎనిమిది! సెన్సర్ స్కోరు అనేది ఆ ఎనిమిది గురించి చెప్పే మాట. మిగతా 132కి దాని దగ్గర జవాబు లేదు. 5డీ మార్క్ 3లో 61 ఫోకస్ పాయింట్లు, వాటిలో 41 క్రాస్ రకం, అంటే నిలువు గీతల్నీ అడ్డగీతల్నీ రెండిటినీ పట్టుకునేవి. డీ3200లో 11, క్రాస్ రకం ఒక్కటే, మధ్యలోది. 5డీ మార్క్ 3లో రెండు మెమరీ కార్డులు పెట్టుకోవచ్చు, డీ3200లో ఒకటే. పెళ్లి ఫొటోలున్న ఒక్క కార్డూ పాడైపోతే ఆడపిల్ల తండ్రికి ఏం చెబుతాం? ఇంకో చిన్న సంగతి. డీ3200 బాడీలో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా దొరుకుతుంది కదా అని పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్ కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఇవేవీ 81లో కనపడవు.

మీ చెత్తబుట్ట నాదానిలా ఉండకపోవచ్చు. కొండలూ సూర్యోదయాలూ తీసేవాళ్లకి కళ్లు మూసుకునే గొడవ లేదు, వాళ్ల లిస్టులో ఆకాశం కాలిపోయినవే ఎక్కువుంటాయి. వాళ్లు ల్యాండ్‌స్కేప్ అంకెని శ్రద్ధగా చూడాలి.

స్కోరు గెలిచిన రోజు

ఇంతవరకూ చదివి నేను స్కోర్లకి వ్యతిరేకిననుకుంటారేమో. కాదు. ఓసారి నా పరువు తీసిన రోజు కూడా చెప్పాలి. నేనూ మా మేనల్లుడూ పరీక్ష పెట్టుకున్న కెమెరా బాడీల పేర్లు రాయను. రాస్తే చదవడం మానేసి బ్రాండ్ల గొడవలో పడతారు. నాది ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్; వాడిది చిన్న సెన్సర్.

పెళ్లికి ముందు షూటింగ్ అని ఒక జంట పాపికొండలు వెళ్దామన్నారు. మేనల్లుడు సాయానికి వచ్చాడు. లాంచీ గట్టు పక్కన ఆగినప్పుడు అమ్మాయిని చెట్టు నీడలో నిలబెట్టాను. వెనక గోదావరి మీద తొమ్మిది గంటల ఎండ, తళతళలాడిపోతోంది. నీళ్లు తెల్లగా కాలిపోకూడదని ఎక్స్‌పోజర్ (ఫొటోకి పట్టే వెలుతురు) తగ్గించి తీశాను. వాడూ నా పక్కన నిలబడి అదే తీశాడు. ఇద్దరికీ ఐఎస్ఓ 100.

ఇంటికొచ్చి, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరి ఫొటోలకీ నీడలు దాదాపు నాలుగు స్టాపులు పైకి లాగాను. వాడి ఫొటోలో అమ్మాయి నల్ల జడ మీద కనకాంబరాలు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. నా దాంట్లో జడ మీద దువ్వెనతో గీసినట్టు అడ్డంగా చారలు, మధ్యమధ్యలో ఎర్రటి మరకలు. “ల్యాండ్‌స్కేప్ అంకె ఇదే కదా మావయ్యా” అన్నాడు. మెల్లగానే అన్నాడు, అయినా గుచ్చుకుంది.

మరి అదే వారంలో రాత్రి ముహూర్తం. కల్యాణమండపంలో పైనుంచి పసుపురంగు లైట్లు, లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8 (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), షట్టర్ సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 3200. ఇక్కడ పాచిక తిరగబడింది. నా ఫొటోలో పట్టుచీర అంచు మీద జరీ నెమళ్లు విడివిడిగా ఉన్నాయి. వాడి దాంట్లో జరీ అంతా పసుపుముద్దలా అయిపోయింది, పెళ్లికొడుకు చెంప మీద ఇసుక చల్లినట్టుంది. పైగా జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో వాడి కెమెరా ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంది, ఈలోగా తెర తీసేశారు.

ఎందుకిలా అంటే, ఐఎస్ఓ తక్కువున్నప్పుడు నీడల్ని పాడుచేసేది ఎక్కువగా సెన్సర్ నుంచి అంకెలు చదివే సర్క్యూట్ కలిపే రొద. పాత ఫుల్ ఫ్రేముల్లో కొన్ని అక్కడే దెబ్బతిన్నాయి. ఐఎస్ఓ పెంచేకొద్దీ ఆ రొద వెనకబడుతుంది. అప్పుడు మిగిలేది వెలుతురులోనే పుట్టే నాయిస్. దానికి మందు ఎక్కువ వెలుతురు పట్టడమే. వానలో గంగాళం పెడితే చెంబు కంటే ఎక్కువ నీళ్లు పడతాయి కదా. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24 మిల్లీమీటర్లు, డీ3200 సెన్సర్ 23.2 బై 15.4. వైశాల్యంలో దాదాపు 2.4 రెట్లు, అంటే ఒకటింబావు స్టాపు. డైనమిక్ రేంజ్ అంకె ఒక్కటే రాసి ఉన్నచోట అది దాదాపు ఎప్పుడూ కనిష్ఠ ఐఎస్ఓ దగ్గరిదే. మీరు రాత్రి పెళ్లిళ్లు తీస్తే ఆ ఒక్క అంకె చూసి లాభం లేదు, ఐఎస్ఓ పెరిగేకొద్దీ గీత ఎలా దిగుతుందో చూపించే గ్రాఫ్ చూడాలి. డీఎక్స్ఓమార్క్‌లో కొలతల విభాగంలో ఉంటుంది. బిల్ క్లాఫ్ నడిపే ఫోటాన్స్ టు ఫోటోస్ అనే వెబ్‌సైట్లో రెండు మూడు కెమెరాల గీతల్ని ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోవచ్చు. నేనిప్పుడు మొదట చూసేది అదే. 1600 నుంచి 6400 దాకా గీత ఎక్కడుందో చూసి, ఎడమ పక్క, అంటే తక్కువ ఐఎస్ఓల సంగతి ఔట్‌డోర్ వాళ్లకి వదిలేస్తాను.

ఇంట్లో పరీక్ష

కెమెరా చేతికొచ్చాక, లేదా అద్దెకి ఒక రోజు తెచ్చుకున్నాక, ఇటుక గోడని ఫొటో తీయడం మానండి. మీరు రోజూ తీసేవే బల్ల మీద పెట్టండి. నా బల్ల మీద ఎర్ర పట్టుచీర మడత, దాని మీద జరీ కనపడేలా. పక్కన నల్ల గుడ్డ, పళ్లెంలో తలంబ్రాలు, ఒక కుంకుమ భరిణె, ఒక తెల్ల పంచె. మూల మీద ఎవరైనా ఇంట్లోవాళ్లు కూర్చుంటే మరీ మంచిది, చర్మం లేకుండా పెళ్లి పరీక్ష ఏమిటి?

ట్రైపాడ్ పెట్టి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా చేసే రంగుల సర్దుబాటు) చేత్తో ఖాయం చేసి, రా ఫైలు తీయండి. మొదట ఐఎస్ఓ 100 దగ్గర సరైన ఎక్స్‌పోజర్ ఒకటి. అది సెకనులో 60వ వంతు అనుకుంటే, ఎఫ్ కదపకుండా 125, 250, 500, 1000 దాకా వెళ్లండి. ఆఖరిది నాలుగు స్టాపులు చీకటి. లైట్‌రూమ్‌లో వాటిని వరసగా 1, 2, 3, 4 పైకి లాగి, నల్ల గుడ్డనీ జుట్టునీ చూడండి. ఏ మెట్టు దగ్గర మీ కన్ను ముడుచుకుందో అదే మీ హద్దు. తర్వాత అదే బల్లని గదిలో లైటు తగ్గించి ఐఎస్ఓ 800, 1600, 3200, 6400, 12800 దగ్గర సరైన ఎక్స్‌పోజర్‌తో తీయండి. లైట్‌రూమ్ తనంతట తాను కలర్ నాయిస్ తగ్గింపు 25 దగ్గర పెడుతుంది, రెండు కెమెరాలకీ అది ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఎర్ర చీర దగ్గర మాత్రం హిస్టోగ్రాంలో, అంటే ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపించే గ్రాఫ్‌లో, ఎరుపు గీత విడిగా చూడాలి. పసుపు లైట్ల కింద మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, ఎరుపు ఒక్కటే కుడి గోడకి కొట్టుకుని చీర మడతలు మాయమైపోతాయి. నేను రెండు మూడు పెళ్లిళ్లు అలా పాడుచేసుకున్నాకే తెలుసుకున్నాను.

ఇక అందరూ జారిపడే చోటు. రెండు కెమెరాల ఫైళ్లని స్క్రీన్ మీద 100 శాతం పెట్టి పోల్చకండి. 36 మెగాపిక్సెళ్ల ఫొటో 100 శాతంలో 22 మెగాపిక్సెళ్ల దానికంటే పెద్దదిగా సాగుతుంది, దాని నాయిస్ ఎక్కువనిపిస్తుంది. డీఎక్స్ఓమార్క్ వాళ్లు ఈ తగాదా తీర్చడానికి ప్రింట్ స్కోర్లన్నిటినీ 8 మెగాపిక్సెళ్లకి కుదించి లెక్కవేస్తారు. అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన (300 డీపీఐ) సుమారు 8 బై 12 అంగుళాల ప్రింటు. నికాన్ డీ800 రా ఫైలు 14 బిట్లే, బిట్టుకో స్టాపు లెక్కన 14 దాటకూడదు కదా, అయినా డైనమిక్ రేంజ్ 14.4 ఎలా వచ్చిందని జనం కొట్టుకున్నది ఇందుకే. 36 మెగాపిక్సెళ్లని 8కి కుదిస్తే పక్కపక్క పిక్సెళ్ల నాయిస్ సగటుపడి, కాగితం మీద ఒక స్టాపు పైచిలుకు కలిసొస్తుంది. మోసం కాదు, కానీ ఆ కుదింపు మీ పనికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. మనం వేసే కరిజ్మా ఆల్బం 12 బై 36. అందులో ఒక పేజీ నిండా వేసే ఫొటో 12 బై 18. వాళ్ల ప్రింటు కంటే వైశాల్యంలో రెండుంబావు రెట్లు.

అందుకని కంప్యూటర్ మూసేసి ల్యాబ్‌కి వెళ్లండి. అయిదు ఐఎస్ఓలవీ 12 బై 18 ప్రింట్లు వేయించి, వెనక బాల్ పెన్నుతో అంకె రాసి, కలిపేసి, ఫొటోగ్రఫీ తెలియని మనిషికి చూపించండి. నేను మా అక్కకి ఇచ్చాను. 6400 ప్రింటు పట్టుకుని చాలాసేపు చూసింది. నాయిస్ గురించి అంటుందని ఊపిరి బిగబట్టాను. “ఈ చీర రంగు ఇది కాదురా, ఇది వంకాయ రంగులా ఉంది” అంది. 800 ప్రింటులోనూ అదే మాట. మర్నాడు నేను బాగుచేసుకున్నది వైట్ బ్యాలెన్స్. ఐఎస్ఓ హద్దు 6400కి పెంచేశాను, దాంతో షట్టర్ వేగం పెంచుకోవడానికి వీలు దొరికింది, కదిలిపోయిన ఆ 22లో సగం అక్కడే ఆగాయి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6. చవకైన 50 ఎంఎం ఎఫ్ 1.8. మధ్య తేడా మూడుంబావు స్టాపులు. 15 మార్కులకో స్టాపు లెక్కన 49 మార్కులు! లెన్స్‌కి సెన్సర్ మార్కులు వేయడం న్యాయం కాదు, ఫోకస్‌లో ఉండే లోతు తగ్గి వెనక నిలబడ్డ బాబాయి మసకబారతాడు కూడా. కానీ ఎవరైనా తక్కువ డబ్బు పెట్టి చీకట్లో ఫొటో బాగుచేసుకోవాలంటే నేను బాడీ మార్చమని చెప్పను.

బాడీ మార్చాల్సి వచ్చినా, స్కోరు ఎక్కువున్నదే పనికొచ్చేదని లేదు. 2017లో వచ్చిన సోనీ ఏ9కి 92, మరుసటి ఏడు దాని ధరలో సగం కూడా లేని ఏ7 3కి 96. ఏ9 సెకనుకి 20 ఫొటోలు తీస్తూ వ్యూఫైండర్ ఒక్క క్షణం కూడా నల్లబడనివ్వదు. పరుగు పందాలు తీసేవాడు ఆ నాలుగు మార్కులు పోగొట్టుకోడానికే అన్ని డాలర్లు ఎక్కువిచ్చాడా? ఫోన్లకి ఇచ్చే డీఎక్స్ఓమార్క్ స్కోర్లని వీటి పక్కన పెట్టడం మరీ అన్యాయం. అక్కడ ఫోను తయారుచేసి ఇచ్చిన ఫొటోనీ వీడియోనీ కొలుస్తారు, ఇక్కడ సెన్సర్ రా ఫైలుని. రెండు వేర్వేరు పరీక్షలు.

ఏ పట్టికలోనూ లేనిది

నా 140లో ఎల్ఈడీ చారలు పడ్డ 11 ఫొటోల సంగతి మిగిలిపోయింది. వాటికి స్కోరు లేదు కాబట్టి హాల్లో మీరే కొలుచుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్ దానికంటే త్వరగా మూసుకుంటే ఫొటో మీద అడ్డంగా నల్లచారలు. ముహూర్తానికి గంట ముందే వెళ్లి, మండపం వెనక తెల్ల గోడనో తెల్ల గుడ్డనో 50, 100, 125, 250, 500 వేగాల్లో ఒక్కో ఫొటో తీసి చూడండి. 50, 100 దగ్గర దాదాపు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. 250 దగ్గర చారలుంటే ఆ రాత్రికి 100 దాటకండి, లేదా ఫ్లాష్ వాడండి. వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ తెర లెక్క వేరు, దానికి షట్టర్ కొంచెం కొంచెం మారుస్తూ చూసుకోవాల్సిందే.

ఇప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఈ అయిదు ఫొటోలూ మా మేనల్లుడే తీస్తాడు. ఏ వేగం దగ్గర చారలు మొదలయ్యాయో చిన్న తెల్ల టేపు ముక్క మీద రాసి, నా కెమెరా వెనక స్క్రీన్ పక్కన అంటించి, టిఫిన్ల దగ్గరికి వెళ్లిపోతాడు.